ఉలుకు అంకె

ఆ గదిలో పిల్లలెవరూ ఉండరు. ఏడుపు మాత్రం ఉంటుంది.

నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, చెవి వెనుక బొట్టుబిళ్లంత పట్టీ ఒకటి అంటించి, తలుపు మూశారు. కాసేపటికి గోడల్లోంచి ఒక పసిపిల్ల ఏడవడం మొదలుపెట్టింది. అది యంత్రం పుట్టించిన గొంతు అని ముందే చెప్పారు. ఆకలి ఏడుపు కాదది, నిద్ర ఏడుపూ కాదు. ఎవరూ రారని తెలిసిపోయాక కూడా ఆపుకోలేని ఏడుపు. నా అరచేతులు తడిశాయి. గుండె గొంతులోకి వచ్చింది. లేచి తలుపు దాకా వెళ్లాను. బయట గడియ వేసి ఉందని అప్పుడు గుర్తొచ్చి, మళ్లీ వచ్చి కూర్చున్నాను.

ఆ లేచి వెళ్లడం కూడా లెక్కలోకి వచ్చిందట.

"అరవై ఎనిమిది," అంది డాక్టర్ తహసీన్, తెర మీద అంకె చూస్తూ. హనుమకొండలోని ఆ పరిశోధనా కేంద్రంలో ఈ పరీక్షను తయారుచేసింది ఆమే. "గీత నలభై దగ్గర ఉంది, టీచర్ గారూ."

నా తర్వాత మా బాపు లోపలికి వెళ్లాడు. అద్దంలోంచి చూశాను. రెండు చేతులూ మోకాళ్ల మీద పెట్టుకుని, ఎదుటి గోడ మీద రంగు పెచ్చులూడిన చోటును చూస్తూ కూర్చున్నాడు. ఏడుపు పెరిగింది, వెక్కిళ్లలోకి దిగింది, ఆగింది. బాపు కండువా సర్దుకుని బయటికి వచ్చాడు.

పదకొండు.

"ఉత్త స్పీకరు ఏడ్సుడే గద," అన్నాడు నాతో. "దానికి గంత పరేషానైతవా వైదేహీ? చదువుకున్నదానివి."

మా చెల్లె చంద్రకళ విషజ్వరంతో పోయి అప్పటికింకా నెల తిరగలేదు. దాని కూతురు మిన్నుకు ఐదేళ్లు. మిన్ను తండ్రి అది పుట్టకముందే వేరే సంసారం పెట్టుకున్నాడు. పిల్ల మీద తనకే హక్కూ వద్దని సంతకం చేసిచ్చాడు. ఇక మిగిలింది నేను, బాపు. ఇద్దరమూ అడిగాం. అలాంటప్పుడు పిల్ల ఎవరి దగ్గర పెరగాలో తేల్చేది అప్పగింత మండలి. మండలి ఈ మధ్యనే ఉలుకు అంకెను నియమంగా పెట్టుకుంది.

చిన్నప్పుడు దెబ్బలు తిన్నవాళ్ల ఒంట్లో ఒక గంట ఎప్పుడూ మోగడానికి సిద్ధంగా ఉంటుందని, పెద్దయ్యాక తమ ఇంట్లో పిల్లలు ఏడిస్తే అది అందరికంటే ముందు, అందరికంటే గట్టిగా మోగుతుందని, ఆ మోతలోనే చెయ్యి లేస్తుందని తహసీన్ బృందం ఏళ్ల తరబడి కొలిచి తేల్చింది. ఏడుపు విన్న ఒళ్లు ఎంత ఉలికిపడుతుంది, ఎంతసేపటికి సర్దుకుంటుంది అన్నవి కలిపి వేసే లెక్కే ఈ అంకె. నలభై దాటితే పిల్లను అప్పగించరు. ఆ గంటను కట్టింది ఎవరని అడిగే నియమం మాత్రం వాళ్ల దగ్గర లేదు.

నా ఒంట్లో గంట కట్టిన మనిషి పదకొండు అంకెతో నా పక్కనే నిలబడి, పరకాల బస్సు ఎన్నింటికని అడుగుతున్నాడు.

*

మా బాపు వీరభద్రాచారి అవుసుల పని చేస్తాడు. ఆయన కోపంతో కొట్టడం నేను ఎన్నడూ చూడలేదు. కోపం వస్తే చెయ్యి వణుకుతుంది, చెయ్యి వణికితే బంగారం పాడవుతుంది. కుంపటి ముందు కూర్చుని, ఊదుగొట్టంతో మంటను సన్నగా నిలబెట్టి అతుకు వేసేటప్పుడు ఇంట్లో చప్పుడు కాకూడదు. మేం చప్పుడు చేస్తే ఆ అతుకు అయ్యేదాకా ఆగేవాడు. గొట్టం పక్కన పెట్టేవాడు. "ఇటు రా" అనేవాడు. కొట్టవలసినంత కొట్టి, మళ్లీ గొట్టం అందుకునేవాడు. కళ, నేను చప్పుడు లేకుండా ఏడవడం అక్కడే నేర్చుకున్నాం. నోరు తెరిచి గాలి మాత్రం వదలాలి. అది చేతనైతే రెండో విడత ఉండేది కాదు. అడ్డుపడడానికి అమ్మ ఎక్కువకాలం బతకలేదు. ఉన్నన్నాళ్లూ ఆమె కూడా అలాగే ఏడ్చేది.

తీర్పు వచ్చేదాకా మిన్నును తక్కువ అంకె ఉన్నవాళ్ల దగ్గర ఉంచారు. అంటే బాపు దగ్గర. ఆదివారం చూడడానికి వెళ్లాను.

మిన్ను వచ్చి నా ఒళ్లో తల పెట్టింది. ఇంటినిండా ఎప్పటి వాసనే, బొగ్గు, పటిక. బాపు వెండి పట్టగొలుసు అతుకుతున్నాడు. మిన్ను లేచి ఏదో తేబోయింది, కాలు తగిలి కుంపటి పక్కనున్న నీళ్ల గిన్నె ఒరిగింది. ఎవరూ ఏమీ అనకముందే మిన్ను గిన్నెను సరిగ్గా నిలబెట్టి, బాపు ముందుకు నడిచి, అరచెయ్యి చాపి నిలబడింది.

బాపు గొట్టం దించి నా వైపు చూశాడు.

"ఇయ్యాల వద్దు తీ. పెద్దమ్మ వచ్చింది గద," అన్నాడు దానితో. తర్వాత నాతో, "చూసినవా? మీ ఇద్దరికి నేర్పెటందుకు ఏండ్లు వట్టింది. ఇది జల్ది నేర్సింది," అన్నాడు. ఆ గొంతులో మెప్పు ఉంది.

"బాపూ, దాని తల్లి వోయి నెల గాలే."

"అందుకే చెప్తున్న. తల్లి లేని పిల్ల. గారాబం జేస్తే ఆగమైతది."

"దాని మీద చెయ్యెయ్యకు. నీకు దండం వెడ్త."

"గట్టిగ మాట్లాడకు. నీ అంకె వెరుగుతది."

అది బాపు హాస్యం. ఎప్పుడో గానీ చేయడు, చేసినా నవ్వడు.

మండలికి ఫిర్యాదు చేశాను. మనిషిని పంపారు. ఆయన వెళ్లి చూసి, పిల్ల ఒంటి మీద దెబ్బలేమీ లేవని, ఇంత నెమ్మదైన పిల్లను తాను చూడలేదని, తాతగారి పెంపకం బాగుందని చెప్పాడట. ఇరవై ఏళ్లుగా బడిలో పిల్లల మధ్య ఉన్నదాన్ని. ఐదేళ్ల పిల్ల మాట్లాడకుండా కూర్చుంటే మెచ్చుకోవాలో భయపడాలో నాకు తెలుసు. తెలిసినది చెప్పడానికి మూడుసార్లు మండలి గడప ఎక్కాను. మూడుసార్లూ ఒకే మాట. "మేడం, మీ అంకె అరవై ఎనిమిది. ముందు దాని సంగతి చూసుకోండి."

ఆ సంగతి మా బడిలో పిల్లలకు అంతకుముందే తెలుసు. నేను చప్పుడుకు ఉలికిపడతానని ఎప్పుడో కనిపెట్టి, 'దడుపుల టీచరు' అని పేరు పెట్టుకున్నారు. నేను బోర్డు మీద రాస్తుంటే వెనుక బెంచీలో చిప్సు సంచి ఊది పగలగొడతారు. సుద్దముక్క చేతిలోంచి పడుతుంది. క్లాసంతా నవ్వుతుంది. నేనూ నవ్వేదాన్ని. కళ పోయాక మాత్రం నవ్వలేకపోయాను.

*

తహసీన్‌ను కలవడానికి మళ్లీ వెళ్లాను.

"మా బాపుకు పదకొండు ఎందుకొచ్చింది మేడం?"

ఆమె లేచి గది తలుపు వేసి వచ్చింది.

"ఆయనను చిన్నప్పుడు ఎవరైనా కొట్టేవారా?"

"వాళ్ల నాయిన. పని నేర్పేటప్పుడు."

"దెబ్బలు తిన్న ఒళ్లు రెండు రకాలుగా మారుతుంది, టీచర్ గారూ. కొందరిలో మంట ఎగుస్తుంది. మీలాగ. కొందరిలో ఆరిపోతుంది. మా యంత్రానికి ఆరిపోయిన పొయ్యి, అసలెన్నడూ అదుపు తప్పని పొయ్యి ఒక్కలాగే చల్లగా కనిపిస్తాయి."

"తెలిసి కూడా ఊరుకున్నారా?"

"ఊరుకోలేదు. పైన ఒక గీత గీసినట్టే కింద కూడా ఒకటి గీయండి, మరీ చల్లగా ఉన్నవాళ్లనూ చూడండి అని చెప్పాను. 'ఒక్క గీత గురించి జనానికి చెప్పలేకనే సస్తున్నం డాక్టరమ్మా, ఇంకోటి ఎక్కడ గీద్దాం' అన్నారు చైర్మన్ గారు."

"ప్రశ్న తప్పుగా అచ్చయితే మేం పిల్లలందరికీ మార్కులు కలుపుతాం."

"ఇక్కడ కలపరు."

ఆమె మీద కోపం తెచ్చుకోవడానికి ప్రయత్నించాను. కళ్ల కింద నలుపు, బల్ల మీద తినకుండా వదిలేసిన టిఫిన్ డబ్బా. ఆమె కూడా నాలాగే ఒకే తలుపు కొట్టి కొట్టి అలిసిన మనిషిలా ఉంది.

"ఒక దారి ఉంది," అంది. "దారి అనాలో లేదో."

పరీక్షలో అంటించిన పట్టీ ఒంటి ఉలుకును కొలిచేదే. వాళ్ల దగ్గర ఇంకో పట్టీ ఉంది. అది కొలవడమే కాదు, గంట మోగబోతోందని పసిగట్టగానే చెవి వెనుక నరం మీద చిన్న అదురు పంపి, మోగక ముందే దాన్ని అణుస్తుంది. నెమ్మది పట్టీ అంటారు. అది పెట్టుకుంటే వచ్చే అంకెను మండలి ఒప్పుకుంటుంది. ఇద్దరి అంకెలూ గీత కింద ఉంటే అప్పుడు వయసు చూస్తారు. బాపుకు డెబ్బై దాటాయి.

"అంటే మిన్ను నాకొస్తుంది."

"వస్తుంది. కానీ దానికి పద్దెనిమిదేళ్లు వచ్చేదాకా పట్టీ తీయకూడదు. తీస్తే మాకు తెలుస్తుంది. మేం మండలికి చెప్పి తీరాలి."

"ఉలుకు పోతే ఇంకేం పోతుంది?"

తహసీన్ నా ముఖంలోకి చూసింది. "అది ఇంకా కొలవలేదు," అంది.

*

పట్టీతో నా అంకె తొమ్మిది. బాపు కంటే రెండు తక్కువ.

పరీక్షగా నెల రోజులు మిన్నును నా దగ్గరికి పంపారు. మొదట్లో ఎంత హాయిగా ఉండిందో దాచను. నా ఒళ్లు నా మాట విన్న రోజులు అంతకుముందు లేవు. బడిలో వెనుక బెంచీ వాళ్లు సంచి పగలగొట్టారు. బోర్డు మీద వాక్యం పూర్తి చేసి, చుక్క పెట్టి, వెనక్కి తిరిగాను.

"పిడుగు వడ్డా సోయి లేదురా," అని ఒకడు నిరాశగా గొణిగాడు. మరునాటి నుంచి సంచులు తేవడం మానేశారు.

"మంచిగైనవే వైదేహీ," అంది మా బడిలో లెక్కలు చెప్పే సరోజన. "మొఖం నిమ్మళమైంది. ఆ పట్టీ ఏదో నాక్కూడ ఇప్పియ్యరాదు, మా అత్తగారు మాట్లాడేటప్పుడు వెట్టుకుంట."

కళ రెండో మాసికం నాడు దాని ఫొటోకు దండ వేశాను. దాని నవ్వు చూశాను. ముందు పన్ను కొంచెం విరిగి ఉంటుంది. చిన్నప్పుడు గడపకు తగిలి విరిగింది. ఎందుకు తగిలిందో నాకు తెలుసు. తెలిసినవన్నీ వరసగా గుర్తొచ్చాయి, పాఠంలో సంవత్సరాలు గుర్తొచ్చినట్టు. కన్ను తడవలేదు.

"తోడవుట్టినదాని కోసం ఒక్క చుక్క రాలే సూడు," అంది మా మేనత్త పక్కావిడతో, నాకు వినబడేలా.

ఆ మాట కూడా నొప్పి పెట్టలేదు. నొప్పి పెట్టలేదన్న సంగతి మాత్రం తెలుస్తూనే ఉంది. తెలుసుకోవడాన్ని ఆ పట్టీ అడ్డుకోదు.

ఒక సాయంత్రం పరీక్ష పేపర్లు దిద్దుతున్నాను. వంటింట్లో గిన్నె పడిన చప్పుడైంది. విన్నాను. గిన్నె పడింది అనుకున్నాను. చేతిలో ఉన్న పేపరు చివరిదాకా దిద్ది, మార్కులు కూడి పైన వేసి, ఇంకో పేపరు తీసుకున్నాను. అందులో కూడా కొంత దిద్దాక తల ఎత్తితే మిన్ను నా కుర్చీ పక్కన నిలబడి ఉంది. ఎప్పటి నుంచి నిలబడిందో తెలియదు. ఎడమచేత్తో కుడిచేతి మణికట్టు పట్టుకుని ఉంది. వేడి పాలు పడి చెయ్యి ఎర్రగా కమిలి, బొబ్బ లేస్తోంది. నోరు తెరిచి ఉంది. గాలి మాత్రం వస్తోంది.

నా పని అయ్యేదాకా ఆగింది.

"చన్నీళ్ల కింద పెడదాం పద," అన్నాను. అన్నీ సరిగ్గానే చేశాను. నీళ్ల కింద చాలాసేపు పట్టుకున్నాను, మందు రాశాను, పలుచటి గుడ్డ చుట్టాను. నా చేతులు ఎంత నిలకడగా ఉన్నాయంటే, ఆ నిలకడను ఎక్కడ చూశానో గుర్తొచ్చింది. కుంపటి ముందు చూశాను. బాపు లోపల ఎలా ఉంటుందన్నది చిన్నప్పటి నుంచి నాకు అంతుపట్టని ప్రశ్న. ఇలా ఉంటుంది. ఏమీ ఉండదు.

స్నానాల గదిలోకి వెళ్లి పట్టీ పీకేశాను.

ముందు గుండె వచ్చింది. తర్వాత మిన్ను చెయ్యి, ఆ బొబ్బ. ఆ తర్వాత కళ మొత్తంగా ఒక్కసారి వచ్చింది. ఆసుపత్రి మంచం మీద మాస్కు కింద నుంచి అది ఏదో చెప్పబోవడం, నేను వంగి కూడా వినలేకపోవడం. మాసికం నాడు రావలసినదంతా అప్పుడు వచ్చింది. బోర్లించిన బకెట్టు మీద కూర్చుని, పెద్దగా, చప్పుడు చేస్తూ ఏడ్చాను.

బయటికి వచ్చేసరికి మిన్ను తలుపు ముందే నిలబడి ఉంది.

"పిలవాలె గదనే నన్ను! నోరు లేదా నీకు? చెయ్యి కాలితే ఊకె నిలబడ్తవా?"

నా అరుపు గోడలకు తగిలి నాకే వినబడింది. నా చెయ్యి లేచి ఉంది. దాని ముఖం మీద జుట్టు తీయడానికో, దేనికో, ఇప్పటికీ చెప్పలేను. మిన్ను ఆ చేతినే చూసింది. గుడ్డ చుట్టిన చేతిని వెనక్కి పెట్టుకుని, కాలని చెయ్యి చాపింది.

యంత్రం నా గురించి పూర్తిగా అబద్ధం చెప్పలేదు.

*

పట్టీ ఊడిందని కేంద్రంలో తెలిసిపోయింది. తహసీన్ మనిషిని పంపలేదు, తనే వచ్చింది. మిన్ను చేతిని చూసింది, నన్ను చూసింది, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఈ ఒక్కసారికి జిగురు వదిలిందని రాస్తాను. ఇంకోసారి రాయలేను."

"పెట్టుకుంటే నాకు వినపడదు మేడం. తీస్తే అరుస్తాను. ఈ రెండింటికీ నడుమ ఉండేది ఏదీ మీ దగ్గర లేదా?"

"లేదు."

"ఇన్నేళ్లు ఏం చేసినట్టు మరి?"

ఆ మాట అనకూడనిది. అన్నాను. ఆమె ఆ మాట పడింది.

"నడుమ ఉండేది మేం తయారుచేసేది కాదు, టీచర్ గారూ. అది ఉన్నవాళ్లను కూడా పరీక్షించాం. ఉలికిపడతారు, లేస్తారు, వెళ్లి ఎత్తుకుంటారు, సర్దుకుంటారు. వాళ్లకు ఎలా వచ్చిందని వెతికాం. పెద్ద రహస్యమేమీ దొరకలేదు."

"ఏం దొరికింది?"

"వాళ్లు చిన్నప్పుడు ఏడిస్తే ఎవరో ఒకరు వచ్చారు. ఎక్కువసార్లు. అంతే."

మిన్ను నేల మీద కూర్చుని, ఎడమచేత్తో బొమ్మ గీసుకుంటోంది. మా మాటలు వింటోందని దాని వీపు చూస్తే తెలుస్తోంది.

"వచ్చినవాళ్లు ఏం అనుకుంటూ వచ్చారో కూడా కొలిచారా?" అని అడిగాను.

"లేదు," అంది తహసీన్. "వచ్చారా లేదా అన్నదే."

ఆమె సంచిలోంచి కొత్త పట్టీ తీసి బల్ల మీద పెట్టింది. చెవి వెనుక నేనే అంటించుకున్నాను.

*

తీర్పు రోజున మండలి వరండాలో బాపు నాకంటే ముందే వచ్చి బల్ల మీద కూర్చున్నాడు. ఉతికిన ధోవతి, ఇస్త్రీ చొక్కా. మిన్ను చేతి గుడ్డ చూశాడు.

"ఏమైంది?"

"పాలు వడ్డయి."

"నీ ఇంట్లనేనా?"

"నా ఇంట్లనే."

తల ఊపాడు. లోపల ఆ మాట చైర్మన్ ముందు, ఏ ఎత్తుపొడుపూ లేకుండా, ఉన్నది ఉన్నట్టు చెప్పాడు. "నా తాన ఉన్నన్ని దినాలు పిల్లకు గోరంత గాయం గాలేదు సార్. ఈడ చెయ్యి గాలింది."

చైర్మన్ జలంధర్ గారు కళ్లజోడు పైకి నెట్టుకుని తన ముందున్న తెర చూశారు. "అంకె తొమ్మిది ఉంది పెద్దాయనా. పాలు ఎవరింట్లోనైనా పడతాయి."

నేను నోరు తెరిచాను. ఆ గాయం నా అంకె తొమ్మిది కాబట్టే అయిందని, అరవై ఎనిమిది ఉండి ఉంటే గిన్నె చప్పుడుకే వంటింట్లో ఉండేదాన్నని, చల్లగా ఉండడమూ నెమ్మదిగా ఉండడమూ ఒకటి కాదని చెప్పాలి. మాటలు వరసగా సిద్ధంగా ఉన్నాయి. గొంతు వణకడం లేదు. అలాంటి గొంతుతో చెబితే ఎవరైనా వినాలి.

"సార్, అంకె తక్కువుంటే మంచిదన్న లెక్కే..."

"అమ్మా," అన్నారు చైర్మన్ గారు, విసుగ్గా కాదు, పని చాలా ఉన్న మనిషిలా. "అంకె మీకే అనుకూలంగా వచ్చింది. వయసు కూడా మీకే అనుకూలం. ఇప్పుడు అంకే తప్పంటే మళ్లీ మొదటి నుంచి. అన్నాళ్లూ పిల్ల ఎక్కడ ఉండాలె? పెద్దాయన దగ్గరనే గద. మీకు పిల్ల కావాల్నా, వాదన కావాల్నా?"

మూలన కూర్చున్న తహసీన్ తన చేతివేళ్లను చూసుకుంటోంది. మిన్ను గోడకు ఆనుకుని ఉంది. కదలదు, మాట్లాడదు. ఆ గదిలో అందరికీ అది బుద్ధిమంతురాలు.

"పిల్ల కావాలె," అన్నాను.

బయటికి వచ్చాక బాపు చెప్పులు వేసుకుంటూ ఆగాడు. ఓడిపోయిన మనిషి ముఖంలో ఏదీ కదలలేదు. అప్పుడు పరీక్షించినా పదకొండే వచ్చేది.

"మా నాయిన నన్ను పట్టుకారుతోని కొట్టేటోడు," అన్నాడు. "ఎర్రగ కాల్చిన పట్టుకారు. నేను ఏడ్వలే. చెయ్యి వణకనియ్యలే. నేనేమన్న చెడిపోయిన్నా వైదేహీ?"

నిజంగానే అడిగాడు. జవాబు కోసం నిలబడ్డాడు. నా జన్మలో ఆయన నన్ను అడిగిన మొదటి ప్రశ్న అదేనేమో. పట్టీ లేకపోతే నేను ఏం చేసేదాన్నో తెలియదు. కాళ్ల మీద పడి ఏడ్చేదాన్నేమో, అరిచేదాన్నేమో.

"నీకు పిల్లల ఏడుపు వినవడుతదా బాపూ?"

"వినవడక? చెవులు మంచిగనే ఉన్నయి."

"నాకు కూడ ఇప్పుడు గట్లనే వినవడుతున్నది," అన్నాను.

ఆయనకు అర్థమైందో లేదో. మిన్ను తల మీద ఒక్కసారి చెయ్యి పెట్టి, బస్టాండు వైపు నడిచి వెళ్లిపోయాడు.

*

ఉలుకు లేని మనిషికి నియమం కావాలి. నేను పెట్టుకున్న నియమం చిన్నది. ఇంట్లో ఏ చప్పుడైనా సరే, చేతిలో ఉన్నది కింద పెట్టి లేవాలి. ముఖ్యమా కాదా అని తూచకూడదు. తూచడానికి నా దగ్గర ఇప్పుడు త్రాసు లేదు. అందుకని కుక్కరు కూతకు లేచాను, పావురాలకు లేచాను, పక్కింటి టీవీలో ఎవరో ఏడిస్తే గోడ దాకా వెళ్లాను. దిద్దవలసిన పేపర్లు ఆలస్యమయ్యాయి. హెడ్మాస్టరు గారు రెండుసార్లు గుర్తుచేశారు.

రెండో పని మిన్నుది. అది కష్టం.

"ఏడువు మిన్నూ. చప్పుడు రావాలె."

అది నోరు తెరిచింది. గాలి వచ్చింది.

"గాలి కాదు. గొంతు. చూడు, నేను చేస్త." నేను ఏడ్చి చూపించాను. లోపల ఏమీ లేకుండా పైకి ఏడవడం ఎంత వికారంగా ఉంటుందో అది చూసి మిన్ను నవ్వింది. కళ పోయాక అది నవ్వడం అదే మొదలు. మరునాడు 'ఆ' అంది, వల్లెవేసినట్టు. కొన్నాళ్లకు 'ఆ' కాస్త పొడుగయింది. అంటున్నంతసేపూ నా చేతులనే చూస్తుంది. నేను చేతులు వెనక్కి కట్టుకుని కూర్చునేదాన్ని.

పక్కింటావిడ గోడ మీది నుంచి తొంగి చూసింది. "ఏంది టీచరమ్మా, పొద్దుమూకంగనే పిల్లను కొడ్తున్నవా? ఏడ్పు వినవడుతాంది."

"లేదు. నేర్పుతున్న."

"ఏడ్సుడు ఎక్కడన్న నేర్పుతరా? పిల్లలకు పుట్టంగనే వస్తది గదా!"

"మా ఇంట్ల నేర్పుతం," అన్నాను.

ఆవిడ బుగ్గలు నొక్కుకుని లోపలికి వెళ్లింది. ఇలాంటి మాటలు మండలి దాకా పోవచ్చు. పోతే పోనీ. నా అంకె తొమ్మిది.

వాన పడి వెలిసిన ఒక సాయంత్రం. నేను తొమ్మిదో తరగతి పేపర్లు ముందేసుకున్నాను. మిన్ను పెరట్లో ఉంది. ఏదో జారిన చప్పుడైంది. పెన్ను ఇంకా నా చేతిలోనే ఉంది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేదు. ఆ నిశ్శబ్దం నాకు తెలుసు. అందులో ఏం జరుగుతుందో తెలుసు; నోరు తెరుచుకుంటుంది, గాలి వెళ్తుంది, ఎవరి పనైనా అయ్యేదాకా ఎదురుచూడడం మొదలవుతుంది.

అంతలో పెరట్లోంచి ఒక గొంతు లేచింది. ముందు సన్నగా, అరువు తెచ్చుకున్నట్టు. తర్వాత విరిగి, పెద్దదై, ఏడుపయింది. ఆ ఏడుపు మధ్యలో, నాకు తెలియదేమోనని, మాటల్లో కూడా చెప్పింది.

"పెద్దమ్మా! నేను ఏడుస్తున్న! పెద్దమ్మా!"

గుండె తన దారిన తాను కొట్టుకుంటోంది. అరచేతులు పొడిగా ఉన్నాయి. నాకేమీ అనిపించలేదు.

పెన్ను కింద పెట్టి లేచాను.

"వస్తున్న," అన్నాను, దానికి వినబడేలా. "ఏడువు, ఏడువు. వస్తున్న."